బానెట్ మీద గోతాం అచ్చు

మా ఇంటి కారు రంగు బాగుచేసిన మేస్త్రి గారు పోయారన్న సంగతి నాకు మా ఊరి రైలుస్టేషను ముందు సోడాబండి దగ్గర తెలిసింది. అప్పటికే పదిరోజులు దాటిందట. గుంటూరు నుంచి వచ్చిన లారీ డ్రైవరొకడు బండివాడితో అంటున్నాడు, నల్లపాడులో పాత కార్లు చేత్తో రుద్ది బాగుచేసే సాయిబు గారు గుండెపోటుతో పోయారని, అలాంటి చెయ్యి మళ్ళీ రాదని. నేను సోడా సగంలో ఆపలేదు. మొత్తం తాగి, సీసా తిరిగిచ్చి, నెమ్మదిగా నడిచి కళ్ళం దగ్గరికి వెళ్ళాను. షెడ్డు తలుపు తీసి కారు ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఆ మేస్త్రి గారు తన జన్మలో ఒకే ఒక్క కారు పాడుచేశారని మా చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఆ కారు మా మామగారిది. పాడుచేసింది నేను. ఈ సంగతి మొన్నమొన్నటిదాకా ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం అందరూ చేసే పనే, ఆయన గురించి రాయడానికి మంచి మాటలకి కొదవ కూడా లేదు. కానీ నేను రాయడానికి కూర్చున్నది అందుకు కాదు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నాకంటే పదేళ్ళు పెద్దవాడైన ఆ మనిషిని బతికున్నన్నాళ్ళూ నేను 'నువ్వు' అన్నాను. 'ఆయన' అనడం ఇప్పుడే మొదలుపెట్టాను.

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. మాది మార్టూరు పక్క. మామగారికి ఒక్కతే కూతురు కావడంతో పెళ్ళయిన నెలకే ఈ ఊరొచ్చి ఆయన పొలం చేతిలోకి తీసుకున్నాను. ఇల్లరికం ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. పంట పండితే మామగారి నేల మంచిది. పండకపోతే అల్లుడి చెయ్యి మంచిది కాదు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ నన్ను అల్లుడు గారనే పిలుస్తారు. అందులో మర్యాద పాలెంతో, నువ్వు మావాడివి కాదన్న పాలెంతో నాకెప్పుడూ తేలలేదు. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ అంటుంది. అది కోపం కాదు. ఎవరో నన్నొక మాట అనేలోగా నేనే ముందు అనేయాలన్న ఆత్రం.

మామగారిది పాత అంబాసిడర్. పొగాకు బాగా అమ్ముడుపోయిన రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్నారు. కళ్ళకి శుక్లాలు కమ్మాక తీసుకెళ్ళి కళ్ళం పక్కనున్న రేకుల షెడ్డులో పెట్టారు. కళ్ళమంటే మేం మిరపకాయలు ఎండబోసే చోటు. పన్నెండేళ్ళు అది అక్కడే ఉంది. నాకు మోటారుసైకిలు చాలు కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోకపోగా దాని మీద పురుగుమందు డబ్బాలు, స్ప్రేయర్లు, ఖాళీ గోతాలు పెట్టించాను. రంగు చచ్చిపోయి, ముట్టుకుంటే బూడిదగుమ్మడికాయకి మల్లే చేతికి తెల్లటి పొడి అంటేది. అసలు రంగేమిటో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదనుకున్నాను.

తొంభైల చివర్లో ఒక చలికాలం మామగారికి గుంటూరులో కంటి ఆపరేషను చేయించాం. కట్టు విప్పిన మూడో రోజున ఆయన నల్లద్దాలు పెట్టుకుని, కర్ర పుచ్చుకుని, ఎవరికీ చెప్పకుండా షెడ్డుకెళ్ళారు. నేను వెనకాలే పరిగెత్తాను. కారు చుట్టూ ఒకసారి తిరిగి, స్ప్రేయర్లు దించి కింద పెట్టి, నా వైపు తిరిగారు.

"ఏమయ్యా, నాకంటే చూపు లేదు. నీకేమైంది?"

గుంటూరు తీసుకెళ్ళి నాలుగు రోజుల్లో కొత్తగా మెరూన్ రంగు వేయిస్తానన్నాను. ఆయన తన రంగే కావాలన్నారు. ఏం రంగండీ అంటే, మొదటి రోజు పత్తి పువ్వు రంగన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇంజను పనికి వచ్చిన మెకానిక్కు మాత్రం నవ్వలేదు. అలాంటి పనికి ఒక్కరే ఉన్నారని చెప్పి, నల్లపాడు మేస్త్రి గారికి కబురు చేశాడు.

ఆయన పొద్దున పాసింజరుకి దిగి వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో గుడ్డసంచీ, టిఫిన్ క్యారియరు. గుంటూరులో ఎవరిదో షెడ్డులో పని చేసేవారు. ముప్పయ్యేళ్ళుగా పరాయి షెడ్లలోనే పని. కారుని ముట్టుకోకుండా చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందు తలుపు తీసి, అంచున ఎండిపోయిన రబ్బరు లేపి దాని కింద తడిగుడ్డతో రుద్దారు. అక్కడ వేలెడంత మేర లేత పసుపు బయటపడింది. రంగు చావలేదు పెద్దాయనా, పైపొరే చచ్చిందన్నారు. మర్నాడు స్టేషను నుంచి వస్తూ మా చేలోకి దిగి, ఆఖరి పూతలో మిగిలిన పత్తి పువ్వొకటి తెంపుకొచ్చి ఆ వేలెడు జాగా పక్కన పట్టుకున్నారు. రెండూ ఒకటే. సాయంత్రానికి పువ్వు గులాబీ రంగుకి తిరిగింది, కారు తిరగలేదు. ఆపరేషనయ్యాక మామగారు నవ్వడం నేను చూసింది ఆ రోజే.

అక్కణ్ణుంచి రెండు నెలలు పైగా మేస్త్రి గారు వారానికి మూడు నాలుగు రోజులు వచ్చారు. చొక్కా గుండీలు రంగుకి గీసుకుంటాయని బనీను మీదే పనిచేసేవారు. వాచీ, ఉంగరం తీసి క్యారియరు మూతలో పెట్టేవారు. రంగు రుద్దే గరుకు కాగితం, వాటర్ పేపరుని ముందురోజే సబ్బునీళ్ళ బక్కెట్లో నానబెట్టించేవారు. ఒకసారికి అరచెయ్యంత జాగా, అంతకు మించి రుద్దేవారు కాదు. తుడవడానికి మా కొత్త తువ్వాళ్ళు పనికిరావని మామగారి పాత పంచె అడిగి తీసుకున్నారు. వందసార్లు ఉతికిన నూలుకే రంగు లొంగుతుందట. ఇక ఆయన పరీక్ష వేరు. పంచె ముక్క అరచేతి కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రేకు మీద ఈ చివర్నించి ఆ చివరికి పోనిచ్చేవారు. కన్ను మెరుపు చూసిద్ది అల్లుడు గారూ, చెయ్యి పని చూసిద్ది అనేవారు. నేను పొలం తొందరలో సగం విని పోయేవాణ్ణి.

పని మొదలైన కొత్తల్లో మా అత్తగారు రోజూ పదింటికి కాఫీ పంపేవారు. ఆయన గ్లాసు గోడ మీద పెట్టేసి పనిలో పడిపోయేవారు. కాఫీ చల్లారిపోయేది. మూడో రోజు నేను చూసి, మా ఇంటి కాఫీ నీకు పనికిరాదా అని గట్టిగానే అడిగాను. ఆయన తలెత్తి, అమ్మగారు ప్రేమగా పంపిస్తున్నారు, వద్దంటే బాధపడతారని ఊరుకున్నానన్నారు. రంజాను నెల. తెల్లారకముందు తిన్నది తప్ప పొద్దుగూకే దాకా మంచినీళ్ళు కూడా ముట్టకుండా, ఆ వంగిన నడుంతో రుద్దుతున్నారు. క్యారియరు సాయంత్రం రైల్లో విప్పుకోవడానికట. నేను తప్పయిందని అనలేదు. రేపట్నించి కాఫీ పంపొద్దని ఇంట్లో చెప్పాను, అంతే. ఇప్పుడు తలుచుకుంటే, ఆయన నా సంగతి ఆ రోజే పూర్తిగా తెలుసుకుని ఉంటారనిపిస్తుంది.

కారంతా పాత రంగే బతికింది, బానెట్ తప్ప. షెడ్డు రేకు చిల్లు పడి పన్నెండేళ్ళు వాన దాని మీదే కురిసింది. పైన రేకు మార్పించాం గానీ, బానెట్‌కి కొత్త రంగు వేయక తప్పలేదు. ఆ పొద్దున ఆయన కళ్ళంలో మిరపకాయల తొడాలు తీసే ఆడవాళ్ళని బతిమాలి, దుమ్ము లేవకుండా పూట పని ఆపించి, షెడ్డు చుట్టూ నీళ్ళు చల్లించారు. కారుకి కాన్పయినట్టుంది అని వాళ్ళు ఒకటే నవ్వు. రెండు రోజులు పొర మీద పొర కొట్టి, మామగారి పంచెని నాలుగు కర్రలకి కట్టి బానెట్ పైన పందిరిలా వేశారు, రంగుకి తగలకుండా. వెళ్ళేముందు నన్ను పిలిచారు.

"పైకి ఆరినట్టు ఉంటది, లోపల పచ్చిగానే ఉంటది. ఎనిమిది రోజులు దీని మీద చెయ్యి కూడా వెయ్యనీయమాకండి. మీకే అప్పజెప్తున్నా అల్లుడు గారూ."

తొమ్మిదో రోజు వచ్చి ఆఖరి మెరుగు పెట్టి కారు బయటికి తీద్దామన్నారు. ఆ రోజుకి ఊరి జిన్నింగు మిల్లు ఆసామిని కూడా మామగారు పిలిచారు. ఆ ఆసామి దగ్గర ఒక పాత కారు, రెండు జీపులు ఉన్నాయి. పని చూసి నచ్చితే అవన్నీ అప్పజెప్పి, మిల్లు పక్క ఖాళీగా ఉన్న షెడ్డు కూడా మేస్త్రి గారికే ఇస్తానన్నాడు. ఆ మాట విన్న రోజు మేస్త్రి గారు మధ్యాహ్నం మిల్లు దాకా వెళ్ళి ఆ షెడ్డుని బయట్నుంచే చూసొచ్చారు. తలుపు తూర్పుకుంది, పొద్దుటి వెలుతురు బాగుంటదని రెండుసార్లు చెప్పారు. ఆయన తనకోసం ఏదైనా కావాలనుకోవడం నేను విన్నది అదొక్కటే.

ఐదో రోజు మధ్యాహ్నం అకాల వాన పట్టుకుంది. ఆ యేడు పత్తి పురుగు తినేసింది. మిగిలింది మిరప ఒక్కటే. ఎండిన కాయ గోతాలకెత్తి, మర్నాడు గుంటూరు మిర్చి యార్డుకి పంపడానికి కళ్ళంలో వరసగా నిలబెట్టాం. కూలివాళ్ళు భోజనాలకి పోయారు. పట్టా కప్పినా కింద నుంచి నీళ్ళు. నేనొక్కణ్ణే ఒక్కో గోతాం వీపున వేసుకుని షెడ్డులోకి చేర్చాను. షెడ్డు నేల పల్లం, అందులోకీ నీళ్ళు వచ్చాయి. అరుగు మీద పెట్టాను, కారు సీట్లలో పెట్టాను, డిక్కీలో పెట్టాను. ఇంకా నాలుగు గోతాలు మిగిలాయి. ఆయన చెప్పింది మర్చిపోయానని రాయొచ్చు. మర్చిపోలేదు. పందిరి కర్రలు పీకేటప్పుడు కూడా ఆ మాట చెవిలో ఉంది. అల్లుడు మిరప కూడా తడిపాడన్న మాట అంతకంటే గట్టిగా వినపడింది. నాలుగూ బానెట్ మీదే వేశాను.

మర్నాడు కూలివాళ్ళు రాకముందే నేనే గోతాలు దించితే, బానెట్ నిండా గోతాం నేత దిగబడి ఉంది. నిలువు పోగు, అడ్డ పోగు, విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. కాసేపు ఏం చేయాలో తోచలేదు. తర్వాత చేసింది మాత్రం తోచే చేశాను. ఒక ఖాళీ గోతాం దులిపి తెచ్చి ఆ అచ్చు మీద పరిచి, పందిరి పంచె మడిచి దాచి, కర్రలు తీసుకెళ్ళి దడిలో దోపాను. కనపడకుండా కప్పుతున్నానంతే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నేను అబద్ధానికి సాక్ష్యం తయారుచేస్తున్నాను.

తొమ్మిదో రోజున షెడ్డు ముందు పదిమంది చేరారు. మామగారు తెల్లచొక్కా వేసుకున్నారు. మిల్లు ఆసామి వచ్చాడు. మేస్త్రి గారు వచ్చి, బానెట్ మీద గోతాం చూసి ఆగిపోయారు. మెల్లగా ఎత్తి పక్కన పెట్టారు. మామగారు వంగి చూసి ఇదేందని అడిగారు. ఇంకెవరూ నోరు విప్పకముందే నేనందుకున్నాను. పచ్చి రంగు మీద గోతాం కప్పి పోయాడు, అతుక్కోక ఏం చేసిద్ది, నాసిరకం పనివాళ్ళని నెత్తిన పెట్టుకుంటే ఇంతేనన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

మేస్త్రి గారు కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆ అచ్చు మీద పోనిచ్చారు. చివరికొచ్చాక, బానెట్‌కీ అద్దానికీ మధ్య సందులోంచి ఏదో తీసి వేళ్ళ మధ్య పట్టుకుని చూశారు. మిరప గింజ. ఖాళీ గోతాంలోంచి రాలే గింజలు నాలుగో ఐదో ఉంటాయి. ఆ సందులో గుప్పెడున్నాయి. తలెత్తి నా వైపు ఒక్కసారి చూశారు. గింజని జేబులో వేసుకుని మామగారి వైపు తిరిగారు.

"నాదే పొరపాటు పెద్దాయనా. ఆరకముందే కప్పాను."

మిల్లు ఆసామి కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా అతని బండ్లు గుంటూరులో వేరేవాళ్ళకి వెళ్ళాయి. మిల్లు పక్క షెడ్డులో పత్తిగింజలు పోశారు.

ఆ సాయంత్రం నేను స్టేషనుకి వెళ్ళాను. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద ఆయన ఒక్కరే క్యారియరు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. మేస్త్రీ, ఎందుకలా చెప్పావని మాత్రం అడిగాను. అప్పుడు కూడా నువ్వనే అన్నాను. ఆయన జేబులోంచి గింజ తీసి, అరచేతిలో పెట్టి ఉఫ్‌మని ఊదేశారు.

"మీరు ఆ ఇంట్లో రోజూ ఉండాలి అల్లుడు గారూ. నేను సాయంత్రం బండికి పోయేవాణ్ణి."

అప్పుడే వెనక్కెళ్ళి మామగారికి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ మాటని నాకిచ్చిన సెలవుగా తీసుకున్నాను. ఆయన మళ్ళీ వచ్చి, బానెట్‌ని రేకుదాకా గీకి, మొదటినుంచి చేశారు. ఆ రోజుల్లో నేను షెడ్డు ఛాయలకి పోలేదు, చేలో పని కల్పించుకున్నాను. అయిపోయాక కారు ఎలా ఉందో రాయడం నా వల్ల కాదు. ఊరంతా ఆగి చూసింది. నేను అప్పటికి డ్రైవింగు నేర్చుకున్నాను. మామగారు ముందు సీట్లో కూర్చుని, మేస్త్రి గారిని వెనక కూర్చోమన్నారు. స్టేషను దాటాక వెనక్కి తిరిగి, ఆ తొందర ఒక్కటి తగ్గించుకుంటే నీ అంతటి పనివాడు లేడు మేస్త్రీ అన్నారు. అరచెయ్యంత జాగాకి పూటంతా రుద్దిన మనిషిని. అలాగే పెద్దాయనా అన్నారాయన. నేను అద్దంలోకి చూడకుండా బండి నడిపాను.

మామగారు ఆ తర్వాత ఆరేళ్ళు బతికారు. కారెక్కిన ప్రతిసారీ, ఎక్కించుకున్న ప్రతివాళ్ళకీ ఆ కథ చెప్పారు. గొప్ప పనివాడే, ఒక్కసారి తొందరపడ్డాడని. నేను పక్కనే స్టీరింగు పట్టుకుని ఉండేవాణ్ణి. చెప్పడానికి ఆరేళ్ళు ఉన్నాయి నాకు. మామగారు పోయాక ఆ ఇంట్లో నన్ను అనేవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడూ చెప్పలేదు. అలవాటైన అబద్ధం బరువనిపించదు.

సోడాబండి దగ్గర విన్న మర్నాడు కారు తీసుకుని నల్లపాడు వెళ్ళాను. ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు, కారుని చూసి అక్కడివాళ్ళే దారి చూపించారు. మేస్త్రి గారి భార్య గుమ్మంలోకి వచ్చి, కారుని చూసి, మీరు ఆ ఊరి అల్లుడు గారా అని అడిగారు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఎవరు పని నేర్చుకోవడానికొచ్చినా ఆయన ముందు మా ఊరి సంగతే చెప్పేవారట. ఆరకముందే కప్పమాకండి, నేను ఒకసారి కప్పి పరువు పోగొట్టుకున్నానని.

ఇంట్లో కూడా ఆ అబద్ధమే చెప్పారని నేను అనుకోలేదు. నన్ను ఒక సాయంత్రానికి కాపాడారనుకున్నాను. ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, పోయేదాకా తనదిగా మోశారు. ఆవిడ ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తల దించుకునే అంతా చెప్పాను, గోతాలు, పందిరి కర్రలు, మిరప గింజ.

"నాకు చెప్పి ఏం లాభం బాబూ? నేనెప్పుడూ ఆయన్ని అనలా. అన్నోళ్ళకి చెప్పండి" అన్నారావిడ.

అన్నవాళ్ళలో చాలామంది పోయారు. మిల్లు ఆసామి ఉన్నాడు. పెద్దవాడైపోయాడు, పొద్దున్నే స్టేషను ముందు టీకొట్టు దగ్గర కూర్చుంటాడు. నిన్న కారు అక్కడికి తీసుకెళ్ళి ఆపి, నలుగురూ వింటుండగా చెప్పాను. గొంతు ఆ రోజంత పెద్దగా రాలేదు. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. ఆసామి గ్లాసు కింద పెట్టి, ఇప్పుడు చెప్పి ఏం చేస్తావయ్యా, ఆ షెడ్డు కూడా పడిపోయిందన్నాడు.

కాసేపటికి ఆసామి లేచి కారు దగ్గరికొచ్చాడు. ఎక్కడ పడింది ఆ అచ్చు అని అడిగాడు. ఇదిగో ఇక్కడ అని చెయ్యి పెట్టాను. అక్కడేమీ లేదు. పక్కన చూశాను, అక్కడా లేదు. మేస్త్రి గారిలాగా కళ్ళు మూసుకుని అరచెయ్యి ఈ చివర్నించి ఆ చివరికి పోనిచ్చాను. ఆసామి కూడా అటుపక్క నుంచి చెయ్యి వేసి వెతికాడు. పొద్దుటి ఎండలో ఆ లేత పసుపు రేకు మీద మా ఇద్దరి చేతులూ తిరుగుతూనే ఉన్నాయి. నేను చేసినదాని జాడ దాని మీద ఒక్క పోగంత కూడా లేదు.